గడ్డలో దాగిన పువ్వు

ఉద్దేశం: ఇంటిలోపల కుండీలలో పెంచదగిన సుకుమారమైన గడ్డజాతి పూలమొక్కల జీవనవిధానాన్ని, వాటి పోషణలోని మెలకువలను తెలియజేయడం, ఆకు రాలిన మొక్కను చూచి మరణించినదని తొందరపడక, దాని స్థితిని పరిశీలించి గ్రహించే దృష్టిని విద్యార్థులలో కలిగించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

2006వ సంవత్సరం వేసవిలో మేము కృష్ణాజిల్లాలోని మా స్వగ్రామాన్ని విడిచి హైదరాబాదుకు తరలివచ్చాము. తాతలనాటి పెంకుటిల్లు పరుల పాలయింది. నూతిగట్టు, గన్నేరు చెట్టు, పెరటిదొడ్డి వేటినీ లారీలోకి ఎక్కించుకొని రాలేము కదా! మా అమ్మ మాత్రం బయలుదేరే ముందురోజు సాయంకాలం పెరట్లోకి వెళ్ళి, గునపంతో నేల త్రవ్వి, మూడు గడ్డలు పైకి తీసి, మట్టి దులిపి, పాత పంచె ముక్కలో మూటకట్టుకొన్నది. మూడవ అంతస్తులోని క్రొత్త ఇంటిలో సామాను సర్దే హడావిడిలో ఆ మూటను విప్పినవారెవరో అవి నీరుల్లిగడ్డలనుకొని వంటయింటి బుట్టలో పడవేశారు. మరునాడు పులుసు పెట్టబోతూ మా ఇల్లాలు వాటిలో ఒకదానిని కత్తిపీట దగ్గరకు తీసికొన్నది. అమ్మ కంగారుగా వచ్చి, "అమ్మాయీ, ఆగు! అవి పులుసులోకి కావే, పూసేవి" అన్నది.

ఆ రోజు అమ్మ ఆపకపోతే పూలు పోవడమే కాదు, ఇంటిల్లిపాదికీ వాంతులు పట్టుకొని ఉండేవి. ఆ గడ్డలో లైకోరిన్ అనే విషపదార్థం ఉంటుంది. చూపుకు నీరుల్లిని పోలి ఉండటం యాదృచ్ఛికం కాదు. నేటి వర్గీకరణశాస్త్రం నీరుల్లిని, ఈ మొక్కను అమరిల్లిడేసి అనే ఒకే కుటుంబంలో చేర్చింది. ఒక తల్లి బిడ్డలలో ఒకరు వంటయింటికి, ఒకరు పూలతోటకు చేరారన్నమాట. ఇటువంటి గడ్డలను ఇంట్లో పెంచేవారు వాటిని పసిపిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండా ఉంచడం మొదటి జాగ్రత్త.

మా అమ్మకు అవి 'ఎర్ర లిల్లీలు'. పూల వర్తకులకు 'అమరిల్లిస్'. వృక్షశాస్త్రజ్ఞులు వీటిని 'హిప్పియాస్ట్రమ్' అంటారు. నిజానికి ఇది లిల్లీయూ కాదు, అసలైన అమరిల్లిసూ కాదు. అమరిల్లిస్ అనే పేరు దక్షిణాఫ్రికాకు చెందిన మరొక మొక్కది. ఈ రెండింటి పేర్ల వివాదం శాస్త్రజ్ఞుల మధ్య చాలాకాలం సాగి, 1987లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభలో ఆఫ్రికా మొక్కకు అనుకూలంగా ముగిసింది. హిప్పియాస్ట్రమ్ అనే నామకరణం చేసినవాడు విలియం హెర్బర్ట్ అనే ఆంగ్లేయ మతాచార్యుడు. అది 1821 నాటి మాట. గ్రీకు భాషలో ఆ పదానికి 'ఆశ్వికుని తార' అని అర్థం. పేరు పోయినా వ్యాపారంలో అమరిల్లిస్ అన్న మాట నిలిచిపోయింది. థియోక్రిటస్, వర్జిల్ అనే ప్రాచీన కవుల గోపగీతాలలో అమరిల్లిస్ ఒక గొల్లభామ. ఆమె తన హృదయాన్ని బాణంతో గాయపరచుకోగా చిందిన రక్తమే ఈ పువ్వయిందని నేటి పూల వర్తకులు ఒక కథ చెబుతారు. ఆ కవుల గీతాలలో ఆ కథ లేదు. ప్రాచీన సాహిత్యం చదువుకొన్నవాడిని కనుక ఆ మాట ఇక్కడ చెప్పక తప్పింది కాదు.

వృక్షశాస్త్రం చదివే విద్యార్థులకు భూగర్భకాండాల భేదాలు తెలిసే ఉంటాయి. అల్లం, పసుపు కొమ్ములు. చేమ, కంద అనేవి కందాలు. బంగాళదుంప దుంపకాండం. నీరుల్లి లశునం. సాహిత్య విద్యార్థులకు కందమంటే పద్యమే మనసుకు వస్తుంది. "కందం చెప్పినవాడే కవి" అన్న నానుడి ఉండనే ఉంది. ఆ కందం వేరు, ఈ కందం వేరు. లోకవ్యవహారంలో మాత్రం వీటన్నింటినీ గడ్డలనీ, దుంపలనీ కలిపి పిలుస్తాము. తోటపనిలో ఆ వ్యవహారమే చాలు. అయితే లశునం నిర్మాణాన్ని ఒక్కసారి కన్నులారా చూడటం అవసరం. వంటయింటిలోని నీరుల్లిగడ్డను నిలువుగా రెండుగా కోయండి. అడుగున పళ్ళెంవలె గట్టిగా ఉన్న చిన్న భాగమే అసలు కాండం. వేళ్ళు దాని క్రిందినుండి పుడతాయి. దానిపై ఒకదానినొకటి కప్పుకొన్న దళసరి పొరలన్నీ ఆకుల పీఠభాగాలే. నడుమ, అన్ని పొరల రక్షణలో, లేత మొగ్గ ఉంటుంది. మొక్క తన కష్టకాలానికి కూడబెట్టుకొన్న ఆహారమంతా ఆ పొరలలోనే ఉంటుంది. వానకాలంలో బుట్టలోని నీరుల్లి మట్టి లేకుండా, నీరు లేకుండా మొలకెత్తడం మీరెరిగినదే. అది బయటినుండి ఏమీ అడగలేదు. ఉన్నదానిని ఖర్చు చేసింది.

హిప్పియాస్ట్రమ్ గడ్డలో ఈ ఏర్పాటు మరింత చిత్రంగా ఉంటుంది. గడ్డ లోపల ప్రతి నాలుగు ఆకులకు ఒక పూకాడ చొప్పున వరుసగా రూపొందుతాయి. ఏడాదిలో ఎనిమిది ఆకులు పెట్టగలిగిన గడ్డ రెండు పూకాడలకు అర్హత సంపాదించుకొంటుంది. నేడు మనం చూచే పువ్వు నిన్నమొన్నటిది కాదు. అది దాదాపు ఏడాది ముందే లోపల సూక్ష్మరూపంలో పుట్టి, తన వంతు కోసం వేచి ఉంటుంది. కనుక ఈ సంవత్సరం పూయలేదంటే తప్పు ఈ సంవత్సరానిది కాకపోవచ్చు. నిరుడు ఆకులకు ఎండ చాలకపోయినా, ఆకులను తొందరపడి కోసివేసినా శిక్ష ఇప్పుడు పడుతుంది.

ఈ మొక్కల పుట్టినిల్లు దక్షిణ అమెరికా. తూర్పు బ్రెజిల్‌లోను, పెరూ, బొలీవియా, అర్జెంటీనా దేశాలలోని ఆండీస్ పర్వతసానువులలోను వీటి జాతులు విస్తారంగా ఉన్నాయి. అక్కడ చాలాచోట్ల కొన్ని నెలలు వర్షం, కొన్ని నెలలు అనావృష్టి. వర్షకాలంలో ఆకులు వేసి, ఎండుకాలంలో గడ్డలోకి ముడుచుకొని బ్రతకడం వీటికి అలవడిన జీవనరీతి. మంచు మాత్రం వీటికి మృత్యువే. తులిప్, డాఫొడిల్ వంటివి శీతలదేశాల గడ్డలు. అవి భూమిలో కొన్ని వారాలు తీవ్రమైన చలి అనుభవిస్తేనే పూస్తాయి. శ్రీనగరంలో 2007లో తెరచిన తులిప్ ఉద్యానం ఏటా కనులపండువ చేయగలుగుతున్నది ఆ చలి వల్లనే. వాటిని తెచ్చి మన మైదానాలలో నాటినవారు ఒకసారి పూలు చూచినా రెండవసారి చూడటం అరుదు. హిప్పియాస్ట్రమ్ ఇందుకు విరుద్ధం. కణాలలోని నీరు గడ్డకట్టిందంటే కణత్వచాలు చెడి, గడ్డ మెత్తబడి కుళ్ళిపోతుంది. తోటమాలులు ఇటువంటి వాటిని సుకుమారజాతులు అంటారు. అందుచేతనే ఐరోపావాసులు, ఉత్తర అమెరికావాసులు వీటిని ఆరుబయట నాటక, ఇంటిలోపల కుండీలలో, కిటికీగట్టు మీద పెంచుతారు. ఇంగ్లండులోని ప్రెస్కాట్ అనే ఊరిలో ఆర్థర్ జాన్సన్ అనే గడియారాల పనివాడు 1799 ప్రాంతంలో రెండు జాతులను సంకరపరచి మొదటి సంకర హిప్పియాస్ట్రమ్‌ను సృష్టించాడు. చక్రాలు, కీలలు సరిదిద్దే చేతులు ఒక పువ్వు పుప్పొడిని మరొక పువ్వు కీలాగ్రానికి అంటించాయి. ఆ తరువాతి కాలంలో నెదర్లాండ్స్ దేశం ఈ గడ్డల ఉత్పత్తికి, ఎగుమతికి ముఖ్యస్థానమైంది.

మనకు మంచు బాధ లేదు గదా, ఇంటిలో పెంచవలసిన అవసరమేమని మీరు అడుగవచ్చు. మన బాధ వేరు. నగరంలో నేల లేదు. ఉన్న నాలుగడుగుల బాల్కనీ మీద వర్షకాలపు జడి ఎడతెరపి లేకుండా కురిస్తే కుండీ చెరువవుతుంది. గడ్డకు చలి ఎంత శత్రువో నిలువనీరు అంత శత్రువు. వానకు తడవని, ఎండ తగిలే చోట కుండీ ఉంటే నీటి మీద అధికారం మన చేతిలో ఉంటుంది. మా అమ్మ ముందుగదిలోని తూర్పు కిటికీని ఎంచుకొన్నది ఇందుకే.

ఇక నాటే విధానం. కుండీ పెద్దదిగా ఉంటే మొక్క పెద్దదవుతుందనుకోవడం పొరపాటు. గడ్డకు, కుండీ అంచుకు నడుమ రెండు వ్రేళ్ళ ఎడం ఉంటే చాలు. ఎడం ఎక్కువైన కొద్దీ వేళ్ళు చేరని మట్టిలో తడి నిలిచి కుళ్ళు పుట్టిస్తుంది. అడుగు రంధ్రం తప్పనిసరి. దానిపై వంపుగల కుండపెంకు బోర్లించాలి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, ముతక ఇసుక సమపాళ్ళలో కలిపితే చాలును. నగరాలలో మట్టి దొరకనివారు కొబ్బరిపీచు పొట్టు వాడుతున్నారు. తేలిక అన్న మాటే గాని అది తడిని చాలా కాలం పట్టి ఉంచుతుంది కనుక ఇసుక పాలు పెంచుకోవాలి. గుప్పెడు వేపపిండి, చెంచాడు ఎముకల పొడి చేర్చడం మంచిది. గడ్డను పూర్తిగా పూడ్చకూడదు. మెడ భాగంతోపాటు మూడవవంతు, వీలైతే సగం పైకి కనబడుతుండాలి. నాటిన రోజున ఒకసారి తడిపి, మొలక కనిపించేవరకు చేయి కట్టుకొని కూర్చోవాలి. అన్నింటికంటె కష్టమైన పని అదే. నాటిన ఆరు నుండి ఎనిమిది వారాలలో పూకాడ లేచి పూస్తుంది. ఆకు ముందా, పూకాడ ముందా అన్నది గడ్డను బట్టి ఉంటుంది. కొన ముక్కువలె మొనదేలి, నడుమ ఉబ్బుగా కనిపిస్తే పూకాడ. చదునుగా నాలుకవలె ఉంటే ఆకు.

పూకాడ లోపల డొల్లగా ఉంటుంది. వెలుతురు వైపుకు వంగుతుంది. రోజు విడిచి రోజు కుండీని పావు చుట్టు త్రిప్పితే నిటారుగా నిలుస్తుంది. కాడ కొనన రెండు మొదలు ఆరు వరకు పూలు, ఒక్కొక్కటి అరచేయంత, వేర్వేరు దిక్కులకు ముఖం పెట్టి విచ్చుకొంటాయి. వాసన అంతగా ఉండదు. మా అమ్మ దేవుడి పటానికి వీటిని ఎన్నడూ కోయలేదు. "అంత పొడుగు కాడను కోస్తే దానికేం మిగులుతుంది రా" అనేది.

ఆమె ఉన్నంతకాలం ఏటా ఉగాదికి, శ్రీరామనవమికి నడుమ మా కిటికీ ఎర్రబడేది. 2013లో ఆమె పరమపదించింది. కుండీల బాధ్యత నాకు వచ్చింది. నేను చేసిన తప్పు భక్తితో చేసినది. ఉదయం స్నానం కాగానే మూడు కుండీలకు చెంబెడు చొప్పున నీరు పోసేవాడిని. వాన పడనీ, చలి కానీ, ఒక్కరోజు మానలేదు. ఆమె పేరిట చేసే తర్పణంవలె సాగిందది. ఆ మరుసటి వసంతంలో ఆకులు బారెడు పెరిగాయి, పువ్వు లేదు. 2015 వర్షకాలంలో ఒక గడ్డ ఆకులు పట్టుకొని లాగితే చేతికి ఊడివచ్చాయి. లోపల అంతా గోధుమరంగు గుజ్జు, దుర్వాసన. నెల తిరగకుండా రెండవదీ అంతే. వాటి స్థానంలో పెట్టుదామని నగరంలోని ఒక నర్సరీనుండి నాలుగు గడ్డలు కొనితెచ్చాను. సంచిలో చేయిపెట్టి చూడకుండా తెచ్చుకోవడం నా తెలివితక్కువ. ఇంటికి వచ్చి చూస్తే రెండు అప్పటికే మెత్తబడి ఉన్నాయి. మిగిలిన రెండూ మొలవలేదు.

ఆ మార్గశిరంలో మూడవ గడ్డ ఆకులు కూడా పసుపుబారి వాలిపోయాయి. ఇక దీని కథా ముగిసిందనుకొన్నాను. ఇంట్లో పనిచేసే ఆమెను పిలిచి కుండీ క్రింద పారబోసి రమ్మన్నాను. ఆమెది పాలమూరు ప్రాంతం, సేద్యం ఎరిగిన కుటుంబం. కుండీని చంకన పెట్టుకొని గుమ్మం దాకా వెళ్ళి నిలబడింది. బొటనవేలితో గడ్డను నొక్కింది. వెనుదిరిగి, "సారూ, గడ్డ గట్టిగనే ఉన్నది. ఎందుకు పారబోయమంటున్నరు? పండుకున్నది గంతే" అన్నది.

పండుకొన్నది! శాస్త్రం సుప్తావస్థ అనే పేరుతో పుటలకొద్దీ వివరించే విషయం ఆమె ఒక క్రియాపదంతో ముగించింది. మరునాడు కళాశాలలో మా వృక్షశాస్త్రోపన్యాసక మిత్రుని ఈ సంగతి అడిగాను. "మాష్టారూ, మీ అమ్మగారు దానికి ఎప్పుడు నీళ్ళు మానేసేవారు?" అని ఆయన ఎదురుప్రశ్న వేశారు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఏడేళ్ళు ఆ కుండీల ప్రక్కన కూర్చొని వార్తాపత్రిక చదివినవాడిని. మా ఇల్లాలు చెప్పింది. దీపావళి వెళ్ళగానే అత్తగారు నీరు తగ్గిస్తూ వచ్చి, ఆకులు వాలిన తరువాత కుండీలను సామానుగదిలో చీకటిమూల చేర్చేవారట. రథసప్తమి నాడు సూర్యుడికి పరమాన్నం నివేదన కాగానే వాటిని మళ్ళీ కిటికీ దగ్గరకు తెచ్చి, ఆ రోజు మొదటి నీరు పోసేవారట. నా కంటిముందు ఏటా జరిగినదే ఇది!

లెక్క చూడండి. దీపావళి అక్టోబరు రెండవ సగంలోనో, నవంబరులోనో వస్తుంది. రథసప్తమి జనవరి చివరనో, ఫిబ్రవరిలోనో వస్తుంది. నడుమ ఇంచుమించు మూడు నెలలు. అందులో మొదటి కొన్ని వారాలు ఆకులలోని సారం గడ్డలోకి దిగడానికి పోగా, ఎనిమిది నుండి పది వారాలు పూర్తి విశ్రాంతి. ఉద్యానశాస్త్ర గ్రంథాలు చెప్పే కాలపరిమాణం సరిగ్గా ఇదే. ఆ విశ్రాంతికాలంలో 10 నుండి 13 డిగ్రీల చల్లదనం ఉండాలని శీతలదేశాలవారు చెబుతారు. డిసెంబరు, జనవరి రాత్రులలో హైదరాబాదులో ఉష్ణోగ్రత 15 డిగ్రీల దాపుకు దిగుతుంది. మన గడ్డలకు ఆ మాత్రం చలితో పని జరిగిపోతుంది. తీరప్రాంతంలో చలి మరింత తక్కువ. అక్కడ విశ్రాంతి భారమంతా నీరు ఆపడం మీదనే పడుతుంది. హిప్పియాస్ట్రమ్‌లలో ఏడాది పొడవునా పచ్చగా ఉండే జాతులు కూడా కొన్ని లేకపోలేదు. వాటిని బలవంతంగా నిద్రపుచ్చనక్కరలేదు, నీరు కాస్త తగ్గిస్తే చాలు.

నీటి విషయం ఇంత విపులంగా వ్రాయడానికి కారణముంది. కుండీ మొక్కలు దాహంతో చచ్చేవాటికంటె ప్రేమతో చచ్చేవి ఎక్కువ. వేళ్ళకు కూడా శ్వాసక్రియ ఉన్నది. మట్టిరేణువుల నడుమ గాలి ఉండవలసిన ఖాళీలలో ఎల్లవేళలా నీరు నిండి ఉంటే వేళ్ళు ఉక్కిరిబిక్కిరై చస్తాయి. చచ్చిన వేళ్ళ దారిన శిలీంధ్రాలు గడ్డ పీఠంలోకి ప్రవేశిస్తాయి. వేలిని రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే నీరు అక్కరలేదు. పోసినపుడు మట్టి మీద పోయాలి, గడ్డ మెడలో నీరు నిలువకూడదు. పళ్ళెంలోకి దిగిన నీటిని పారబోయాలి.

మా మూడవ గడ్డకు చికిత్స ఇలా జరిగింది. కుండీనుండి తీసి కడిగి చూస్తే అడుగున సగం వేళ్ళు నల్లబడి ఉన్నాయి. పీఠం అంచున కందిగింజంత మెత్తని మచ్చ. మిత్రుని సలహాపై, సుడిమంటలో కాల్చి ఆరిన చాకుతో ఆ మచ్చను, చుట్టూ కొద్దిగా తెల్లని భాగాన్నీ కూడా కోసివేసి, గంధకపు పొడి అద్ది, నీడలో పదిరోజులు ఆరబెట్టాను. రథసప్తమికి ఇసుక పాలు హెచ్చించిన క్రొత్త మట్టిలో నాటాను. 2016 వసంతంలో అది పూయలేదు. మూడు ఆకులు వేసింది, అంతే. శ్రావణానికి అయిదయ్యాయి. వేళ్ళు పోగొట్టుకొన్న గడ్డ ముందుగా వేళ్ళు సంపాదించుకోవాలి కదా! 2017లో శ్రీరామనవమి ముందురోజు తెల్లవారుజామున ఒక మొగ్గ విచ్చింది. కాడకు రెండే పూలు. పనిచేసే ఆమె వచ్చి చూచి, "నేను జెప్పలే?" అని చీపురు తీసికొన్నది.

పూలు వాడిన తరువాత చేయవలసిన పని పూసేటప్పటి పనికంటె ముఖ్యం. వాడిన పూలను, కాయ కట్టకుండా, కాడతో సహా మొదలుకు నాలుగు వ్రేళ్ళ పైన కోసివేయాలి. ఆకులను మాత్రం తాకరాదు. చూడటానికి అందంగా లేవని ఆకులను ముడివేయడం, కత్తిరించడం కొందరి అలవాటు. వచ్చే ఏటి పువ్వుకు ఆహారం వండేవి ఆ ఆకులే. చైత్రం నుండి ఆశ్వయుజం వరకు వాటికి ఎంత వెలుతురు అందితే గడ్డ అంత బరువెక్కుతుంది. గదిలోని వెలుతురు మన కంటికి చాలినట్లే కనబడుతుంది గాని, బయటి వెలుతురులో అది చాలా స్వల్పభాగం. కన్ను సర్దుకుపోతుంది, ఆకు సర్దుకుపోలేదు. అందుకని పూలకాలం గడచిన తరువాత కుండీని కిటికీకి ఆనించి ఉంచాలి. వీలుంటే ఉదయపుటెండ తగిలే బాల్కనీలో, చూరు క్రింద ఉంచాలి. పదిహేను రోజులకొకసారి పలుచని ఎరువునీరు పోయాలి. ప్రతి ఏటా కుండీ మార్చనక్కరలేదు. రెండు మూడేళ్ళకు పైమట్టి మార్చితే చాలు. వేళ్ళు కదలడం దానికి ఇష్టం ఉండదు.

చీడపీడలలో ఒకదానిని గుర్తుపెట్టుకోండి. నల్లని ఒంటిపై తెలుపు, ఎరుపు చుక్కలున్న గొంగళిపురుగులు కొన్ని వేళలలో గుంపుగా వచ్చి రెండు రాత్రులలో ఆకులను నమిలివేస్తాయి. అవి లిల్లీ చిమ్మట పిల్లలు. ఆకు వెనుక చూచి ఏరివేయడమే మందు. పిండినల్లి పడితే సబ్బునీటిలో తడిపిన గుడ్డతో తుడవాలి. ఆకులపై ఎర్రని చారలు, మచ్చలు కనిపిస్తే అది శిలీంధ్రవ్యాధి. తడి తగ్గించి, ఆ ఆకును కోసివేయాలి.

ఈ పద్ధతిలోనే పెంచదగిన మరికొన్ని గడ్డలున్నాయి. మన బజారులో 'లిల్లీ' పేరుతో అమ్మే నేలసంపెంగ మెక్సికో దేశపుది, కిత్తనారకు దగ్గరి చుట్టం. ఒకసారి పూసిన గడ్డ మళ్ళీ పూయదు, దాని పిలకలు పూస్తాయి. రాత్రివేళ దాని పరిమళం మూసిన గదిలో తలనొప్పి తెప్పించేంత గాఢం కనుక కుండీని గది వెలుపల ఉంచడమే మేలు. ఆఫ్రికానుండి వచ్చిన స్కాడోక్సస్‌ను మన తోటమాలులు 'మే పువ్వు' అంటారు. ఏడాదిలో ఒకే ఒక్కసారి, నడివేసవిలో, ఎర్రని కేసరాల బంతివలె పూస్తుంది. మిగిలిన ఏడాదిలో చలికాలమంతా కుండీ ఖాళీగా కనబడుతుంది. పారబోతకు గురయ్యే గడ్డలలో దీనికే అగ్రస్థానమని నా అభిప్రాయం. వానలిల్లీలు మరీ సులభం. వాటి సంగతి చెప్పనక్కరలేదు, వర్షమే చూసుకొంటుంది.

తొలకరికి నేలనుండి మొగ్గ తొడిగే మొక్కలను మన పూర్వకవులు గమనించకపోలేదు. కాళిదాసు మేఘసందేశంలో 'కందళి' కనబడుతుంది. మెదక్ సీమలోని కొలిచెలమకు చెందినవాడుగా ప్రసిద్ధుడైన మల్లినాథసూరి తన వ్యాఖ్యలో దానికి నేల అరటి అని అర్థం చెప్పాడు. పాతికేళ్ళు ఆ వ్యాఖ్యానాన్ని తరగతిలో చెప్పిన నాకు ఆ మాట వెనుక ఒక గడ్డ ఉన్నదని, అది వేసవి అంతా మట్టిలో నిదురించి ఉంటుందని తట్టలేదు.

2018లో మా అమ్మాయి ఉద్యోగరీత్యా అమెరికాలోని మినియాపొలిస్ నగరానికి వెళ్ళింది. ఆ మరుసటి సంవత్సరం డిసెంబరులో ఒక ఫొటో పంపింది. కిటికీ బయట మోకాలెత్తు మంచు. కిటికీ లోపల కుండీలో నాలుగు ఎర్రని పూలు. "నాన్నా, నాయనమ్మ పూలు! ఇక్కడ క్రిస్మస్‌కు పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు" అన్నది. ఒకే మొక్క ఇక్కడ చైత్రంలో, అక్కడ మార్గశిరంలో ఎందుకు పూసిందని అడిగింది. విశ్రాంతి ఎప్పుడు ఇచ్చారన్న దానిపైనే అది ఆధారపడుతుంది. అక్కడి వర్తకులు గడ్డలను వేసవి చివరనుండి ఎండబెట్టి, చల్లని గిడ్డంగులలో నిద్రపుచ్చి, శరదృతువులో అంగళ్ళకు పంపుతారు. ఈ మధ్య గడ్డ చుట్టూ రంగుల మైనం పూసి, మట్టి, నీరు ఏదీ అక్కరలేదని అమ్మే పద్ధతి కూడా వచ్చింది. అవి నిజంగానే పూస్తాయి, పొరలలోని నిలువనంతా కరిగించి. అయితే వాటికి వేళ్ళు దిగే వీలుండదు కనుక పూల తరువాత చెత్తబుట్టే గతి. నాకు ఆ పద్ధతి నచ్చలేదు. మా అమ్మాయిని అటువంటివి కొనవద్దన్నాను.

2022లో మేము ఆ దేశానికి బయలుదేరినప్పుడు నాయనమ్మ గడ్డనుండి ఒక పిలక తెమ్మని అమ్మాయి అడిగింది. అప్పటికి తల్లిగడ్డ ప్రక్కన కోడిగ్రుడ్డంత పిలకలు రెండు పుట్టి ఉన్నాయి. పంచె ముక్కలో మూటకట్టి కృష్ణాజిల్లా నుండి హైదరాబాదు తెచ్చినంత సులభం కాదు సముద్రాలు దాటించడం. మొక్కలతో తెగుళ్ళు, పురుగులు దేశాలు దాటకుండా చట్టాలున్నాయి. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేనిదే గడ్డను తీసికొనిపోరాదు, మట్టి రవ్వంత కూడా పనికిరాదు. పెట్టె అడుగున దాచి తెచ్చేవారు లేకపోలేదు. నేను తేలేనని చెప్పాను. అమ్మాయి రెండురోజులు మాట్లాడలేదు. వెళ్ళిన తరువాత ఆమె కిటికీలోని గడ్డను చూచాను. పూలు అయిపోయిన మూడేళ్ళకు కూడా దానిని పారవేయక, నేను ఫోనులో చెప్పినట్లు ఆకులు పెంచి, నిద్రపుచ్చి, మళ్ళీ లేపుతున్నది. ఆ గడ్డ నెదర్లాండ్స్ నుండి వచ్చినదని పెట్టె మీద వ్రాసి ఉంది. దానిని కూడా ఆమె నాయనమ్మ పువ్వనే పిలుస్తున్నది.

రెండు పిలకలలో ఒకటి పనిచేసే ఆమె తన ఇంటికి తీసికొనిపోయింది. పిలక పూతకు రావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఆమెది నిరుడే పూసింది. నా దగ్గరిది ఇంకా పూయలేదు. ఆమె డాబా మీద ఎండ ఎక్కువ.

ఈ పాఠం వ్రాస్తున్నది పుష్యమాసంలో. తల్లిగడ్డ కుండీ, పిలక కుండీ సామానుగదిలో, ఇత్తడిబిందె ప్రక్కన ఉన్నాయి. మట్టి బీటలు వారింది. పైకి ఎండిన మెడ తప్ప ఏమీ కనబడదు. రథసప్తమికి పదిహేడు రోజులున్నది. నిన్న సాయంకాలం బొటనవేలితో నొక్కి చూచాను. గట్టిగానే ఉన్నది.